నగరమంతా వేదికగా అంతర్జాతీయ ప్రయోగ నాటకోత్సవం ఎలా నడపాలి

నాలుగైదు దేశాల బృందాల్ని పిలిచి, నగరంలో పది పన్నెండు చోట్ల ప్రయోగాత్మక నాటకాలు, పెర్ఫార్మెన్సులు పెట్టాలని మీరు అనుకుంటుంటే ముందుగా ఒక మాట. ప్రయోగం చేయాల్సింది వచ్చే బృందాలు, నిర్వాహకులు కాదు. ఈ రాత్రి వేదిక మీద ఏం జరుగుతుందో నటులకే పూర్తిగా తెలియకపోవచ్చు, ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చోవాలో నటుల వెనకాల నడవాలో చివరి నిమిషం దాకా తేలకపోవచ్చు, అదంతా ఆ కళలో భాగమే. కానీ కరెంటు ఎక్కడి నుంచి లాగాలి, సామాన్ల లారీ ఏ గేటు దగ్గర ఆగాలి, డబ్బు ఏ తేదీన ఖాతాలో పడాలి, వర్షం వస్తే ప్రదర్శన ఆపే మాట ఎవరు చెప్పాలి, ఇవి మాత్రం నెలల ముందే కాగితం మీదికి ఎక్కాలి. నటుడు ధైర్యంగా తెగించాలంటే మిగతా ఏ విషయంలోనూ అతనికి టెన్షన్ ఉండకూడదు. ఆ టెన్షన్ తీసేయడమే మీ పని. అందుకు ఏడాదిన్నర ముందు నుంచి కూర్చోవాలి.

ఎవరు రావచ్చో ముందు తేల్చండి

1947లో ఎడిన్‌బరోలో అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు, ఎవరూ పిలవకుండానే 8 బృందాలు వచ్చి తమ ఏర్పాట్లు తాము చేసుకుని నాటకాలు వేశాయి. ఫ్రింజ్ అనే ఉత్సవం అలా పుట్టింది. ఇప్పటికీ దానికి ఎంపిక కమిటీ లేదు, వేదిక దొరికించుకున్న వాళ్ళు ఎవరైనా రావచ్చు. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో దర్శకుడు జాఁ విలార్ మొదలుపెట్టింది పిలిచి పెట్టే ఉత్సవం. దాని పక్కనే 1966 నుంచి స్వతంత్ర బృందాల 'ఆఫ్' ఉత్సవం పెరిగింది. బెల్‌గ్రేడ్‌లో 1967 నుంచి నడుస్తున్న బిటెఫ్ నాటకోత్సవం, కైరోలో 1988లో మొదలైన ప్రయోగ నాటకోత్సవం కూడా ఎంచి పిలిచే పద్ధతివే.

ఈ రెండు పద్ధతుల్లో తేడా ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నదే. తలుపులు బార్లా తెరిస్తే హాలు అద్దె, ప్రయాణం, బస అన్నీ బృందాలే పెట్టుకోవాలి, టికెట్లు తెగకపోతే నష్టం కూడా వాళ్ళదే. అలాంటప్పుడు సొంత డబ్బున్న బృందాలు, లేదా తమ ప్రభుత్వం సాయం చేసే దేశాల బృందాలే వస్తాయి, మిగతా ప్రపంచం కనిపించదు. పిలిచి పెడితే ఆ ఖర్చంతా మీది, కానీ ఏ ఖండం నుంచి ఏ గొంతు వినిపించాలో మీరు నిర్ణయించుకోవచ్చు. మొదటిసారి నడిపేవాళ్ళు పిలిచే పద్ధతే పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. స్థానిక బృందాల కోసం ఒక చిన్న వేదికను ఎంపిక లేకుండా తెరిచి ఉంచండి, చాలు.

ఎంపిక చేసేవాళ్ళు ఒకరు ఉండాలి, లేదా ముగ్గురు. పదిహేను మంది కమిటీ పెడితే ఎవరికీ అభ్యంతరం లేని నాటకాలే మిగులుతాయి, ప్రయోగాల ఉత్సవానికి అంతకంటే చేటు లేదు. లండన్‌లో 1981లో లిఫ్ట్ ఉత్సవాన్ని మొదలుపెట్టింది అప్పుడే యూనివర్సిటీ నుంచి బయటికొచ్చిన ఇద్దరు యువతులు, రోజ్ ఫెంటన్, లూసీ నీల్. పెద్ద పేర్లు లేవని వెనక్కి తగ్గక్కర్లేదు. నాటకాలు మాత్రం స్వయంగా వెళ్ళి చూడండి. వీడియోలో బాగున్నది హాల్లో తేలిపోవచ్చు, వీడియోలో ఏమీ అనిపించనిది ఎదురుగా కూర్చుంటే ఊపిరి బిగబట్టించవచ్చు. వెళ్ళే వీలు లేకపోతే ఎడిట్ చేయని, ఒకే కెమెరాతో మొదటి నుంచి చివరి దాకా తీసిన రికార్డింగ్ అడగండి. మూడు నిమిషాల ట్రైలర్ చూసి ఎవరినీ పిలవకండి.

ఎన్ని ప్రదర్శనలో లెక్క వేయండి

ఉత్సవాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నచ్చినవన్నీ పిలిచేసి తర్వాత హాళ్ళలో సర్దుతారు. మీరు దాన్ని తిరగేయండి: ముందు హాళ్ళెన్ని, రోజులెన్ని, టెక్నీషియన్లు ఎంతమంది, అప్పుడు బృందాలు.

ఒక హాలు, ఒక రోజు, రెండు బృందాలు అనుకోండి. మొదటి నాటకం 3 గంటలకు మొదలై 4:30కి అయిపోతుంది, రెండోది 7:30కి. మధ్యలో మూడు గంటలుంది కదా అనిపిస్తుంది. ప్రేక్షకులు బయటికి వెళ్ళేసరికే 4:45. మొదటి బృందం వేదిక నిండా మట్టి పోసి నీళ్ళు చల్లింది. అదంతా ఎత్తి, తుడిచి, నేల ఆరేసరికి 5:45. రెండో బృందానికి నల్ల డాన్స్ మ్యాట్ పరిచి అంచులకు టేపు వేయాలి, ఇంకో అరగంట. లైట్లు తిప్పి ఫోకస్ చేయాలంటే వేదిక మధ్యలో నిచ్చెన ఉండాలి, అంటే ఆ గంటసేపు నటులు నేల మీద వార్మప్ చేయలేరు. ఇప్పుడు టైము 7:15. తలుపులు 7 గంటలకే తెరవాలి. సౌండ్ చెక్ జరగలేదు, నటులు వేదిక మీద ఒక్కసారి కూడా నడవలేదు, టెక్నీషియన్లు భోజనం చేయలేదు. ఆ రాత్రి నాటకం బాగా రాకపోతే తప్పు బృందానిది కాదు, టైంటేబుల్ వేసినవాళ్ళది.

ఒక్కో బృందానికి హాలు 3 రోజులు ఇవ్వండి. మొదటి రోజు సామాను దింపడం, సెట్ నిలబెట్టడం, లైట్లు. రెండో రోజు పగలు రిహార్సల్, రాత్రి మొదటి ప్రదర్శన. మూడో రోజు రెండో ప్రదర్శన, అది అయిపోయిన వెంటనే సెట్ విప్పేయడం. ఇలా 10 రోజుల ఉత్సవంలో ఒక్కో హాలుకి 3 బృందాలు పడతాయి, ఒక రోజు మిగులుతుంది. ఆ మిగిలిన రోజును ఎవరెంత బతిమాలినా నింపకండి, లారీ ఆలస్యమైతే మిమ్మల్ని కాపాడేది అదే. 5 హాళ్ళుంటే 15 బృందాలు. అంతకు మించి కావాలంటే హాలు అక్కర్లేనివి చూసుకోండి, ఇద్దరు నటులు ఒక బల్ల చాలు అనేవి, వీధిలో జరిగేవి, చెవిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని నడిచేవి.

ఉత్సవానికి ముందే ప్రతి హాల్లో అన్ని బృందాలకూ పనికొచ్చే ఒక ఉమ్మడి లైటింగ్ ప్లాను వేలాడదీయండి, దాని డ్రాయింగ్ బృందాలకు పంపి "దీన్నే వాడుకోండి, మీ ప్రత్యేక లైట్లు కొన్ని మాత్రం చేరుస్తాం" అని చెప్పండి. ఈ ఒక్క పనితో ఒక్కో బృందం మీద సగం పూట మిగులుతుంది. టెక్నీషియన్ల నిద్ర కూడా లెక్కలోకి రావాలి. యూరోపియన్ యూనియన్ నియమాల్లోనే రోజుకి వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండాలని ఉంది, అక్కడి నుంచి వచ్చే సాంకేతిక బృందాలు అది అడుగుతాయి. మీ వాళ్ళకి కూడా అదే ఇవ్వండి. రాత్రి రెండింటి దాకా సెట్ విప్పిన మనిషి పొద్దున ఎనిమిదింటికి నిచ్చెన ఎక్కకూడదు.

స్థలాలు, పొగ, ఏనుగు

ప్రయోగ నాటకం మామూలు హాళ్ళలో ఇమడదు. మూతపడ్డ ఫ్యాక్టరీ, గోడౌను, కార్ పార్కింగ్, పాత బడి, నీళ్ళు తీసేసిన ఈతకొలను, ఇలాంటివి కావాలి. చూడటానికి వెళ్ళేటప్పుడు ప్రదర్శన ఏ టైముకో అదే టైముకి వెళ్ళండి. పగలు నిశ్శబ్దంగా ఉన్న గోడౌను పక్కన రాత్రి ఎనిమిదింటికి మోటార్లు తిరగొచ్చు, సాయంత్రపు ఎండ పడమటి కిటికీలోంచి నేరుగా వేదిక మీద పడొచ్చు. బయటికి వెళ్ళే దారులు ఎన్ని, వాటి తలుపులు ఏ వైపుకి తెరుచుకుంటాయి, నేల ఎంత బరువు మోస్తుంది, త్రీఫేజ్ కరెంటు ఉందా, మరుగుదొడ్లు ఎన్ని, వీల్‌చైర్ లోపలికి వెళ్తుందా, పైకప్పుకి లైట్లు కట్టొచ్చని రాసి సంతకం పెట్టే ఇంజనీరు ఎవరు, ఇవన్నీ ఒక్కో స్థలానికి ఒక్కో పేజీలో రాసుకోండి. ఫోటోలు, కొలతలతో ఆ పేజీనే బృందాలకి పంపండి. కొలతలు మీటర్లలో ఉండాలి, గీసినది స్కేలు ప్రకారం ఉండాలి, స్తంభాలు ఎక్కడున్నాయో ఖచ్చితంగా ఉండాలి. స్తంభం సంగతి బృందం వచ్చాక తెలిసిందంటే ఆ రోజు పోయినట్టే.

పొగ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది ప్రతి ఉత్సవంలోనూ వస్తుంది. లైటు కిరణాలు గాల్లో కనబడాలని చాలా బృందాలు హేజ్ మెషిన్ వాడతాయి. అలవాటు లేని స్థలంలో దాన్ని ఆన్ చేస్తే కొద్దిసేపటికి సీలింగ్‌లోని స్మోక్ డిటెక్టర్ మోగుతుంది, కొన్ని భవనాల్లో నేరుగా ఫైర్ స్టేషన్‌కి సంకేతం వెళ్తుంది, మొత్తం భవనం ఖాళీ చేయాల్సి వస్తుంది. పరిష్కారం ఉంది. ఆ గదిలోని డిటెక్టర్లను మాత్రమే ప్రదర్శన జరిగేంతసేపు వేరుచేసి పెట్టడానికి భవనం యజమాని నుంచీ అగ్నిమాపక శాఖ నుంచీ రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, ఆ టైములో కంటితో కాపలా కాయడానికి ఒక మనిషిని నియమించండి, ఆ మనిషికి వేరే ఏ పనీ చెప్పకండి. ప్రదర్శన అయ్యాక డిటెక్టర్లు తిరిగి ఆన్ చేసినట్టు టైము వేసి సంతకం పెట్టించండి. ముందురోజు అదే మెషిన్‌తో, అదే ద్రవంతో పరీక్ష చేయండి. పైన గాలి ఎటు పోతుందో చూడండి, పక్క గదిలోకి పోతుంటే అక్కడి డిటెక్టర్ మోగుతుంది.

వీధుల్లో చేసేవాటికి అనుమతుల పని ఇంకో స్థాయిలో ఉంటుంది. 2006 మే నెలలో ఫ్రాన్స్ బృందం రాయల్ ద లుక్స్ దాదాపు 12 మీటర్ల ఎత్తున్న యాంత్రిక ఏనుగును లండన్ నడివీధుల్లో నాలుగు రోజులు నడిపించింది. అది వెళ్ళే దారిలో ట్రాఫిక్ సిగ్నళ్ళు తీసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది, దాని వెనక నిర్వాహకులు ఏళ్ళ తరబడి అధికారులతో మాట్లాడారు. మీరు ఏనుగును తేకపోయినా పద్ధతి అదే: పోలీసులు, ట్రాఫిక్, అగ్నిమాపక శాఖ, మున్సిపాలిటీ, ఆసుపత్రి, బస్సులు నడిపే సంస్థ, వీళ్ళందర్నీ ఒకే బల్ల చుట్టూ ఒకేసారి కూర్చోబెట్టండి. విడివిడిగా తిరిగితే ఒకరు సరే అన్నది ఇంకొకరు కాదంటారు. గుంపు కదిలే చోట చదరపు మీటరుకి నలుగురు దాటితే ప్రమాదం మొదలవుతుందని గుర్తుపెట్టుకుని, ఇరుకైన మలుపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టండి. మొదటి ఏడాదికి మాత్రం చిన్నవే మంచివి. జర్మనీ బృందం రిమినీ ప్రోటోకోల్ 50 మందికి హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక కృత్రిమ గొంతు చెప్పినట్టు నగరంలో నడిపిస్తుంది. రోడ్డు మూసేయక్కర్లేదు, వేదిక కట్టక్కర్లేదు, అయినా రోజూ చూసే కూడలి ఆ 50 మందికి ఆ తర్వాత ఎప్పుడూ మునుపటిలా కనబడదు. నాకు ఈ రకం ప్రదర్శనలంటే ప్రాణం. నగరమంతా ఉత్సవం అనే మాటకి న్యాయం చేసేవి ఇవే.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళని మర్చిపోకండి. నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి వెళ్ళి ఎప్పుడు చప్పుడు ఉంటుందో, ఎన్నింటికి ఆగుతుందో చెప్పి, ఫోన్ చేస్తే నిజంగా ఎత్తే మనిషి నంబరు ఇచ్చి రండి. టికెట్లు కూడా ఇవ్వండి.

ఒప్పందం, డబ్బు

ఒప్పందంలో ప్రదర్శనలెన్ని, పారితోషికం ఎంత, ఏ కరెన్సీలో, ఏ తేదీల్లో, పన్ను ఎవరు కడతారు, ప్రయాణం బస రోజువారీ ఖర్చు ఎవరిది, రద్దయితే ఎవరికెంత, వీడియో తీయొచ్చా, తీసినదాన్ని ఎక్కడ వాడొచ్చు, సంగీతం హక్కులు ఎవరు చూసుకోవాలి, ఇవన్నీ ఉండాలి. టెక్ రైడర్‌ను, అంటే వాళ్ళకి కావాల్సిన సాంకేతిక ఏర్పాట్ల జాబితాను, ఒప్పందానికి జతచేసే ముందు మీ టెక్నికల్ డైరెక్టర్ చదవాలి. ఆయన చదవకుండా మీరు సంతకం పెట్టకండి. ఇవ్వలేనిదేదైనా ఉంటే ఆ రోజే చెప్పేయండి. చాలా బృందాలు దానికి తగ్గట్టు మార్చుకుంటాయి, చివరి రోజు చెప్తే మాత్రం మార్చుకోలేవు.

పన్ను సంగతి చాలామంది వదిలేస్తారు. దేశాల మధ్య పన్ను ఒప్పందాలు చాలావరకు ఆర్థిక సహకారం కోసం దేశాలు పెట్టుకున్న ఓఈసీడీ సంస్థ నమూనాను అనుసరిస్తాయి, అందులో 17వ అధికరణం ప్రకారం కళాకారుడి సంపాదన మీద ప్రదర్శన జరిగిన దేశం పన్ను వేయొచ్చు. అంటే పారితోషికం ఇచ్చేటప్పుడే మీరు కొంత కోసి ప్రభుత్వానికి కట్టాల్సి రావచ్చు. మాట్లాడుకున్న మొత్తం పన్ను పోగానా, పన్నుతో కలిపా అన్నది మొదటి ఉత్తరంలోనే రాయండి. కోసినదానికి సర్టిఫికెట్ ఇప్పించండి, అది లేకపోతే వాళ్ళు తమ దేశంలో మళ్ళీ కట్టాల్సి రావచ్చు.

రాబడి వైపు చూస్తే, టికెట్ల మీద ఆధారపడకండి. 40 మందికి మాత్రమే చోటున్న ప్రదర్శనకి ఎంత టికెట్ పెట్టినా ఖర్చు రాదు. నగర పాలక సంస్థ, ప్రభుత్వ సాంస్కృతిక నిధులు, స్పాన్సర్లు ఒక వైపు. గోథే ఇన్‌స్టిట్యూట్, బ్రిటిష్ కౌన్సిల్, జపాన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు తమ దేశపు కళాకారుల ప్రయాణానికి సాయం చేస్తాయి, అది ఇంకో వైపు. వాళ్ళ గడువులు ఎప్పుడో ముందే అయిపోతాయి కాబట్టి ఎంపిక ఆలస్యమైతే ఆ డబ్బు చేజారుతుంది. అన్నిటికంటే లాభసాటి పని, పక్క దేశాల్లో అదే నెలలో జరిగే ఉత్సవాలతో మాట్లాడుకుని ఒకే బృందాన్ని వరుసగా తిప్పడం. విమానం ఖర్చూ సామాన్ల ఖర్చూ పంచుకోవచ్చు, కళాకారులకూ నాలుగు ప్రదర్శనలు ఎక్కువ దొరుకుతాయి. బడ్జెట్‌లో పదో వంతు అనుకోని ఖర్చులకని పక్కన పెట్టి, దాని మీద సంతకం పెట్టే అధికారం ఒక్కరికే ఇవ్వండి.

వీసాలు, పెట్టెలు

టూరిస్టు వీసా మీద ప్రదర్శన ఇప్పించకండి. కళాకారుడి పేరు మీద ఆ దేశపు రికార్డుల్లో మచ్చ పడి, రేపటి ప్రయాణాలకి అడ్డు రావచ్చు. ఆహ్వాన పత్రం 6 నెలల ముందే పంపండి, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే వాడండి, పాస్‌పోర్టు గడువు ఉత్సవం తర్వాత కనీసం 6 నెలలు ఉందో లేదో చూడండి. కొన్ని దేశాల పాస్‌పోర్టులకి వీసా దొరకడం కష్టమని ముందే తెలుసు కదా, వాళ్ళ దరఖాస్తులు మొదట వేయించండి. వీసా రాలేదని బృందాన్ని వదులుకునే ముందు రాయబార కార్యాలయానికి ఉత్తరం రాయండి, ఫోన్ చేయండి, మీ నగర మేయరు చేత రాయించండి. అలా పట్టుదలగా తిరిగితే వచ్చినవి ఉంటాయి.

సెట్, లైట్లు, దుస్తులు సుంకం కట్టకుండా దేశంలోకి వచ్చి తిరిగి వెళ్ళాలంటే ఏటీఏ కార్నే అనే కస్టమ్స్ పత్రం కావాలి. దాన్ని ఒప్పుకునే దేశాలకే పనికొస్తుంది, ఎక్కువలో ఎక్కువ ఏడాది చెల్లుతుంది, జాబితాలో రాసిన ప్రతి వస్తువూ తిరిగి వెళ్ళాలి. అందుకే ప్రదర్శనలో చింపేసే కాగితాలు, పోసేసే రంగులు, తినేసే పదార్థాలు అందులో రాయకూడదు, వాటిని మీ దగ్గరే కొనిపెట్టండి. చెక్క పెట్టెలైతే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. చెక్కలో పురుగులు దేశం దాటకుండా దాన్ని సాధారణంగా లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని చెప్పే ముద్ర అది. అది లేని పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోతుంది, లోపలున్న సెట్ ఎంత అందమైనదైనా సరే. వైర్‌లెస్ మైకులకి, చిన్న లైట్లకి లిథియం బ్యాటరీలు తెచ్చే బృందానికి ముందే చెప్పండి, విడి బ్యాటరీలు చేతి సంచీలోనే ఉండాలి, 100 వాట్-అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

కరెంటు కూడా అడగండి. యూరప్, ఆసియాల్లో ఎక్కువ చోట్ల 220-240 వోల్టులు, ఉత్తర అమెరికాలో 120, జపాన్‌లో 100. లైటింగ్ సంకేతాలు దాదాపు అన్నిచోట్లా డీఎంఎక్స్ అనే ఒకే పద్ధతి మీదే నడుస్తాయి కాబట్టి అక్కడ గొడవ ఉండదు. సౌండు, వీడియోల కోసం చాలామంది వాడే క్యూల్యాబ్ సాఫ్ట్‌వేర్ మాత్రం మ్యాక్ కంప్యూటర్ మీదే నడుస్తుంది, అద్దెకి ఒకటి అదనంగా పెట్టుకోండి.

భాష తెలియని నాటకం

కొన్ని నాటకాలకి అనువాదం అక్కర్లేదు, వాటిని అలాగే వదిలేయండి. మాటే ప్రధానమైన వాటికి వేదిక పైన తెర మీద సర్‌టైటిల్స్, అంటే అనువాదం లైన్లు, వేయాలి. స్క్రిప్టు మొత్తం అనువదించి వేస్తే ప్రేక్షకులు చదువుకుంటూ నటుల్ని చూడరు. కుదించండి, ఒకసారికి రెండు లైన్లు మించకూడదు. అనువాదం చేసినవాళ్ళే ప్రదర్శనలో ఆ లైన్లు మార్చే బటన్ నొక్కితే మంచిది, ఎందుకంటే ప్రయోగ నాటకంలో నటులు మాటలు మారుస్తారు, దాటేస్తారు, వెనక్కి వెళ్తారు. కంప్యూటర్‌కి వదిలేస్తే దారి తప్పుతుంది. రిహార్సల్‌లో ఒకసారైనా నటులతో కలిపి నడపండి, తెర వెలుతురు చీకటి సన్నివేశాన్ని పాడు చేయకుండా తగ్గించండి. బ్రస్సెల్స్‌లో 1994లో ఫ్రీ లేసెన్ మొదలుపెట్టిన ఉత్సవం, ఫ్రెంచి మాట్లాడేవాళ్ళకి వేరే సంస్థలూ డచ్ మాట్లాడేవాళ్ళకి వేరే సంస్థలూ ఉన్న నగరంలో ఇద్దరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టింది. మీ నగరంలో కూడా రెండు మూడు భాషలు ఉంటే ఆ పని మీకూ ఉంది.

ప్రేక్షకులకి నిజం చెప్పండి

ప్రకటనలో "అద్భుత అనుభవం" అని రాయకండి. ఎంతసేపు, ఏ భాష, కూర్చోవాలా నిలబడాలా నడవాలా, మెట్లు ఉన్నాయా, నటులు మిమ్మల్ని ముట్టుకుంటారా, మాట్లాడిస్తారా, నగ్నత్వం ఉందా, పెద్ద చప్పుడు ఉందా, ఆలస్యంగా వస్తే లోపలికి రానిస్తారా, ఇవి రాయండి. వేగంగా మెరిసే లైట్లుంటే తప్పక రాయండి, మూర్ఛ ఉన్నవాళ్ళకి అది ప్రాణాల సమస్య. ఇలా రాస్తే ఆశ్చర్యం పోతుందని కొందరు దర్శకులు ఒప్పుకోరు. వాళ్ళతో కూర్చుని కథ చెప్పకుండా హెచ్చరిక ఎలా రాయాలో మాట్లాడుకోండి, హెచ్చరిక మాత్రం మానకండి.

టైంటేబుల్‌ని ప్రేక్షకుడి కాళ్ళతో ఆలోచించండి. 6 గంటల ప్రదర్శన 7:10కి అయితే 7:30కి ఇంకో చోటికి చేరగలడా? నడిచి చూడండి, బస్సెక్కి చూడండి. చేరలేకపోతే రెండోదాన్ని 8కి జరపండి. మ్యాపులో స్థలాలతో పాటు వాటి మధ్య నడిచే నిమిషాలు కూడా వేయండి. ఉచిత టికెట్లు బుక్ చేసుకుని రానివాళ్ళు ఎక్కువ ఉంటారు కాబట్టి తలుపు దగ్గర వెయిటింగ్ లిస్టు నడపండి, 10 నిమిషాల ముందు ఖాళీ సీట్లు ఇచ్చేయండి. ఒక్కరి కోసమే జరిగే ప్రదర్శనలకి మాత్రం ఇది పనికిరాదు, వాటికి ముందురోజు ఫోన్ చేసి వస్తున్నారా అని అడగాలి.

రాత్రి అందరూ చేరే ఒక చోటు తప్పనిసరిగా ఉండాలి. కళాకారులు, ప్రేక్షకులు, వాలంటీర్లు, లైట్ల వాళ్ళు, టికెట్ కౌంటర్ వాళ్ళు, అందరికీ అదే. వచ్చే ఏడాది ఎవరు ఎవరితో కలిసి పని చేస్తారన్నది అక్కడే మొదలవుతుంది. బృందాల్ని ప్రదర్శన మర్నాడే పంపించేయకుండా ఇంకో రెండు రోజులు ఉంచగలిగితే ఉంచండి, వేరేవాళ్ళ నాటకాలు చూడనివ్వండి. ఖర్చే, కానీ నా దృష్టిలో ఒక కొత్త బృందాన్ని పిలవడం కంటే ఉన్నవాళ్ళని ఇంకో రెండు రోజులు ఉంచడం మేలు.

గొడవ వస్తే

వస్తుంది. 2000లో వియన్నా ఉత్సవంలో జర్మన్ దర్శకుడు క్రిస్టోఫ్ ష్లింగెన్‌జీఫ్ ఒపేరా భవనం పక్కనే కంటెయినర్లు పెట్టి, శరణార్థుల్ని అందులో ఉంచి, పైన విదేశీయుల్ని వెళ్ళిపొమ్మనే బోర్డు తగిలించాడు. దేశంలో పెరుగుతున్న జాతి విద్వేషాన్ని ఎత్తి చూపడం అతని ఉద్దేశం. నగరం రెండుగా చీలింది, నిరసనకారులు కంటెయినర్ల పైకి ఎక్కేదాకా వెళ్ళింది. అలాంటి పని పిలిచేటప్పుడు ముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. విలేకరులతో ఎవరు మాట్లాడతారు, కళాకారుల భద్రత ఎవరిది, పోలీసులు ఎప్పుడు లోపలికి రావచ్చు, స్పాన్సర్ ఫోన్ చేసి తీసేయమంటే ఏం చెప్తారు. స్పాన్సర్ ఒప్పందంలోనే కార్యక్రమాల ఎంపికలో జోక్యం ఉండదని రాయించుకోండి. భద్రత కోసం ఆపడం వేరు, ఇబ్బందిగా ఉందని ఆపడం వేరు. ఆ తేడా మీ బృందంలో ప్రతి ఒక్కరికీ తెలియాలి. భద్రత కోసం ఆపే అధికారం ప్రతి స్థలంలో స్టేజ్ మేనేజర్‌కి ఉండాలి, ఆ నిర్ణయాన్ని అక్కడికక్కడ ఎవరూ ప్రశ్నించకూడదు, డైరెక్టరైనా సరే.

జరిగే రోజుల్లో

రోజూ పొద్దున ఒకే టైముకి 20 నిమిషాల మీటింగ్, నిలబడే. ప్రతి స్థలం నుంచి ఒక్కరు, నిన్న ఏమైంది, ఇవాళ ఏం కావాలి, అంతే. ప్రదర్శన అయ్యాక స్టేజ్ మేనేజర్ చిన్న రిపోర్టు రాయాలి: ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయింది, ఎంతమంది వచ్చారు, ఏం విరిగింది. ఒక్కో స్థలానికి ఒక్కో వాట్సాప్ గ్రూపు చాలు, అందరినీ ఒకే గ్రూపులో పెడితే ముఖ్యమైన మెసేజ్ గుడ్‌మార్నింగుల కింద పోతుంది. ప్రతి బృందానికి వాళ్ళ భాష వచ్చిన ఒక మనిషిని విమానాశ్రయం నుంచి విమానాశ్రయం దాకా తోడు ఇవ్వండి. వాలంటీర్లకి అన్నం, ప్రయాణం ఖర్చు, సెలవు రోజు ఉండాలి, డబ్బిచ్చి చేయించాల్సిన పని వాళ్ళ నెత్తిన పెట్టకూడదు. మీరు మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉండండి, ఎందుకంటే ఎక్కడ ఏమైనా ముందు వెతికేది మిమ్మల్నే.

అయిపోయాక

ఆఖరి రాత్రి సంబరాల్లో సెట్ విప్పే వాళ్ళని మర్చిపోతారు, వాళ్ళ షిఫ్టు వేరేగా వేయండి. స్థలాలను తీసుకున్నప్పటి ఫోటోలతో పోల్చి అప్పగించి సంతకం తీసుకోండి. కార్నే కాగితాల మీద దేశం దాటేటప్పుడు కస్టమ్స్ ముద్ర పడిందో లేదో బృందం వెళ్ళే రోజే చూడాలి, పడకపోతే నెలల తర్వాత సుంకం నోటీసు వస్తుంది. బాకీ ఉన్న పారితోషికాలు ఒప్పందంలో రాసిన తేదీకి ముందే వేసేయండి, చిన్న బృందాలకి మొదట. రెండు వారాల లోపు, అందరికీ ఇంకా గుర్తుండగానే, స్టేజ్ మేనేజర్లతో, వాలంటీర్లతో, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళతో విడివిడిగా కూర్చుని ఏం బాగుంది ఏం బాగోలేదు రాసుకోండి. ఒక్కో స్థలం పేజీలో దాని కొత్త సంగతులు చేర్చండి, ఏ డిటెక్టర్ తొందరగా మోగుతుంది, ఏ గేటులో లారీ తిరగదు, ఏ తాళం ఎవరి దగ్గర ఉంటుంది, వచ్చే ఏడాది ఆ పేజీని కొత్త టెక్నికల్ డైరెక్టర్ చేతికి ఇచ్చేలా.